ఓట్స్–పల్లీ బార్లు: ఒకసారి పొడి పొడి, ఇంకోసారి రాయి. లోపం ఎక్కడ?

లంచ్‌బాక్స్_బెజవాడ:

ఓవెన్ లేకుండా చేసే ఓట్స్ బార్లు రెండు పద్ధతుల్లో చేశాను, రెండూ చెడ్డాయి. కొలతలు ఇస్తున్నా, తప్పెక్కడో తెలిసినవాళ్ళు చెప్పండి.

మొదటిది: ఇన్‌స్టంట్ ఓట్స్ 2 కప్పులు, వేయించి పొట్టు తీసిన పల్లీలు ముప్పావు కప్పు, గుమ్మడి గింజలు, అవిసె గింజలు కలిపి పావు కప్పు, కిస్‌మిస్ గుప్పెడు. తేనె 5 పెద్ద చెంచాలు పచ్చిదే పోసి కలిపి, ట్రేలో అదిమి 2 గంటలు ఫ్రిజ్‌లో ఉంచాను. ఫ్రిజ్‌లోంచి తీసి కోస్తే ముక్కలు బాగానే వచ్చాయి. బయట పెట్టిన పది నిమిషాలకు విడిపోయి, చెంచాతో తినాల్సి వచ్చింది.

రెండోది: పొడి దినుసులు అవే. బెల్లం 200 గ్రాములు, నీళ్ళు అరకప్పు, నెయ్యి 1 చెంచా. పాకం బాగా గట్టిపడేదాకా మరిగించి కలిపాను. చల్లారాక కత్తి దిగలేదు.

కావలసింది ఇది: పొద్దున 8కి డబ్బాలో పెడితే 11 గంటల బ్రేక్ దాకా ఆకారం చెడకూడదు, పిల్లల పంటికి సులువుగా తెగాలి, ఎండాకాలంలో కూడా ఫ్రిజ్ అక్కర్లేకుండా నిలవాలి. చిన్న ఓటీజీ (కరెంటు ఓవెన్) ఉంది, అందులో చేసే రకం ఒకటి చెప్పినా సరే. వంటింటి తూకం ఉంది, థర్మామీటర్ లేదు.

---

తూకంరాయి:

తూకం ఉంది కాబట్టి కప్పులు వదిలేయండి. మీ మొదటి దాన్ని గ్రాముల్లోకి మారుస్తే తప్పు అక్కడే కనిపిస్తుంది.

ఓట్స్ 190, పల్లీలు 110, గింజలు 35, కిస్‌మిస్ 25. అంటే పొడి దినుసులు సుమారు 360 గ్రాములు. పెద్ద చెంచా తేనె 21 గ్రాములు, 5 చెంచాలకు 105. మొత్తం 465లో అంటించే పదార్థం 105, అంటే నూటికి 23 వంతులు. ఓట్స్ బార్ నిలబడాలంటే అది 40 చుట్టుపక్కల ఉండాలి. పైగా తేనెలో నూటికి 17–18 వంతులు నీరే. మరిగించకపోతే ఆ నీరు అలాగే ఉంటుంది, ఫ్రిజ్ చలికి చిక్కబడి పట్టినట్టు నటిస్తుంది, బయటికి రాగానే జారిపోతుంది.

రెండోదానిలో మొత్తం 565లో అంటించేది 205, నూటికి 36. పరిమాణం తప్పు కాదు. అక్కడ చెడింది పాకం ముదురు, నెయ్యి తక్కువ. పాకం సంగతి నాకంటే బాగా చెప్పేవాళ్ళు ఇక్కడ ఉన్నారు.

---

పాకంపట్టు:

ముందు ఏ బార్ కావాలో తేల్చుకోవాలండీ. పటుక్కున విరిగేది ఒక జాతి, అది మన పల్లీ చిక్కీ. నమిలితే సాగుతూ తెగేది ఇంకో జాతి, మీరు అడుగుతున్నది అదే. దినుసులు రెంటికీ ఒకటే కావచ్చు, పాకం మాత్రం ఒకటి కాదు. "గట్టిపడేదాకా" అనే మాట దగ్గరే మీ రెండో ట్రే చిక్కీ అయిపోయింది, అది కూడా మందపు చిక్కీ. చిక్కీని అప్పడాల కర్రతో పల్చగా వత్తుతాం కాబట్టి పంటికి విరుగుతుంది. అదే పాకం ఒకటిన్నర సెంటీమీటర్ల మందంలో ఉంటే రాయి కాక ఏమవుతుంది?

పాకం మరిగేకొద్దీ నీరు పోయి వేడి పెరుగుతుంది. 112–118 డిగ్రీల సెంటీగ్రేడ్ మధ్య ఉండ పాకం, అంటే మనం అరిసెలకు పట్టే దగ్గర. 121 దాటితే ఉండ గట్టిపడుతుంది. 132 నుంచి తీగలా లాగితే వంగి ఆపైన విరుగుతుంది. 146 దాటితే గాజులా పగులుతుంది. పంచదార చిక్కీ వాళ్ళు ఆ చివరిదాకా వెళ్తారు. బెల్లం అంతకు ముందే మాడు వాసన మొదలెడుతుంది కాబట్టి 140 దాటాక కన్ను పక్కకు తిప్పకూడదు. మీ బార్‌కు కావలసింది 116–118. ఎండాకాలం అయితే 120 దగ్గర ఆపండి, డబ్బాలో జారదు.

కొలతలు, 20 సెంటీమీటర్ల చదరపు ట్రేకి:

రోల్డ్ ఓట్స్ 150 గ్రాములు, పల్లీలు 80, గింజలన్నీ కలిపి 40, కిస్‌మిస్ 30. అంటించడానికి బెల్లం 120, పీనట్ బటర్ 60, నెయ్యి 20. ఉప్పు పావు చెంచా. పాకానికి నీళ్ళు 30 మిల్లీలీటర్లు చాలు. అరకప్పు పోస్తే ఆ నీళ్ళు ఆవిరి చేయడానికే పది నిమిషాలు పడుతుంది, ఈలోగా అంచుల్లో బెల్లం ముదురుతుంది. మొత్తం 500 గ్రాములు, అందులో అంటించేవి 200, అంటే పైన తూకంరాయి గారు చెప్పిన 40 వంతుల లెక్కే. ట్రేలో మందం ఒకటిన్నర సెంటీమీటర్లకు కాస్త పైన వస్తుంది. 12 ముక్కలు, ఒక్కోటి 40 గ్రాముల పైచిలుకు.

ఇన్‌స్టంట్ ఓట్స్ మానేయండి. అవి సన్నటి తునకలు, పాకాన్ని పీల్చేసుకుని పైకి పొడిగా మిగులుతాయి. ఇంట్లో అవే ఉంటే పిండి జల్లెడలో జల్లించి, కింద పడ్డ పొడి పక్కన పెట్టండి, దోసెల పిండిలోకి పనికొస్తుంది.

ఓట్స్‌ను మందపాటి మూకుడులో సన్న మంట మీద 7–8 నిమిషాలు, అంచులు లేత గోధుమ రంగు తిరిగేదాకా వేయించండి. పచ్చి ఓట్స్ వేస్తే బార్‌లో పిండి రుచి మిగులుతుంది. పల్లీలు విడిగా 10–12 నిమిషాలు, పొట్టు తీసి బద్దలు చేయాలి. గుండ్రంగా ఉంటే కత్తి వాటి మీద పడి బార్ అక్కడే చీలుతుంది. ముడుచుకుపోయినవి, నల్లబడ్డవి, బూజు మచ్చ ఉన్నవి ఏరి పారేయండి. అలాంటి గింజల్లో అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం ఉండొచ్చు, అది వేయించినంత మాత్రాన పూర్తిగా పోదు. అవిసె గింజలు చిటపటలాడాక దించి, సగం కచ్చాపచ్చాగా దంచండి. దంచకుండా వేస్తే నమలకుండానే దిగిపోతాయి, వేసిన ఫలితం ఉండదు.

ఇక చాలామంది తప్పేది ఇక్కడ: పొడి దినుసులు వేడిగా ఉండాలి. చల్లారిన ఓట్స్ మీద వేడి పాకం పోస్తే, పోసిన చోటే బిగుసుకుని ఉండలు కడుతుంది, మిగతా సగానికి అంటనే అంటదు. పాకం పొయ్యి మీద ఉన్నంతసేపూ ఓట్స్ మూకుడును పక్క పొయ్యి మీద అతి సన్న మంటపై ఉంచండి. కిస్‌మిస్ మాత్రం చివర్లో వేయండి. ముందే వేస్తే ఉబ్బి చేదెక్కుతాయి.

బెల్లం, నీళ్ళు కరిగాక వడగట్టండి, ఇసుక, చెరుకు పీచు పోతాయి. మళ్ళీ పొయ్యెక్కించి నెయ్యి, ఉప్పు వేసి మధ్య మంట మీద మరిగించండి. ఇంత కొంచెం పాకానికి మరుగు మొదలయ్యాక 3–4 నిమిషాలు చాలు. పాకం వచ్చిందనగానే పొయ్యి ఆపి, పీనట్ బటర్ వేసి గరిటెతో నాలుగు తిప్పులు తిప్పి, వెంటనే ఓట్స్ మీద పోయండి. పీనట్ బటర్‌ను పాకంతో కలిపి మరిగించకండి, నూనె విడిపోతుంది. అది లేకపోతే 60 గ్రాముల వేయించిన పల్లీలను మిక్సీలో ఆపి ఆపి తిప్పండి. మొదట పొడి, తర్వాత ముద్ద, చివరకు నూనె వదిలి జారుడు అవుతుంది. ఆ జారుడు దాకా రావాలి.

ట్రేలో పరిచే కాగితం మామూలు బటర్ పేపర్ అయితే నెయ్యి రాయాలి, లేకపోతే పాకానికి అతుక్కుని ఊడదు. కాగితం రెండు వైపులా బయటికి వేలాడేలా ఉంటే తర్వాత అచ్చంగా పైకి ఎత్తొచ్చు. మిశ్రమం పోసి, అడుగు చదునుగా ఉన్న గిన్నెకు నెయ్యి రాసి గట్టిగా అదమండి. మూలలు ముందు, మధ్య తర్వాత. 2 నిమిషాలు శరీరం బరువు వేసి అదమాలి, అరచేత్తో తట్టడం అదమడం కాదు. లోపల గాలి ఖాళీలు మిగిలితే కోసేటప్పుడు అక్కడే పొడి రాలుతుంది.

35–40 నిమిషాలకు గోరువెచ్చగా ఉన్నప్పుడు కోయండి. పెద్ద కత్తిని పై నుంచి నిలువుగా దించాలి, రంపంలా ముందుకూ వెనక్కీ లాగకూడదు. పూర్తిగా చల్లారితే పగులుతుంది, మరీ వేడిగా కోస్తే మళ్ళీ అతుక్కుంటుంది. కోశాక ఇంకో 3 గంటలు అలాగే ఆరనిచ్చి అప్పుడు చుట్టండి. ఫ్రిజ్ వద్దు. అందులోంచి తీసిన ముక్క మీద చెమ్మ పట్టి జిగురవుతుంది.

ఇప్పటికే పాడైనవి పారేయకండి. పొడిదానికి ఇంకా 130 గ్రాములు అంటించేది కావాలి. 100 గ్రాముల బెల్లంతో ఉండ పాకం, 30 గ్రాముల పీనట్ బటర్, మిశ్రమాన్ని వేడి చేసి కలిపి మళ్ళీ అదమండి. రాయిని రోట్లో చితక్కొట్టి, 2 పెద్ద చెంచాల నీళ్ళతో మూకుడులో సన్న మంట మీద మెత్తబరిచి, 50 గ్రాముల పీనట్ బటర్, చెంచా నెయ్యి కలపండి. మొదటిసారి చేసినంత అందం రాదు గాని తినొచ్చు.

---

సీమ_బొరుగులు:

పాకంపట్టు గారి లెక్క ఓట్స్ వరకు సరే. అదే 40 వంతుల లెక్కతో బొరుగులు గానీ జొన్న పేలాలు గానీ చేస్తే మాత్రం చేతిలో బూడిదే. అవి తేలిక, బరువుతో పోలిస్తే పూత పట్టాల్సిన ఉపరితలం ఎక్కువ. 4 కప్పుల బొరుగులు తూస్తే 60 గ్రాములే ఉంటాయి, వాటన్నిటికీ పూత పట్టాలంటే బెల్లం 150 గ్రాములు పడుతుంది. అంటే అంటించేది బరువులో రెండున్నర రెట్లు. కోస్తా వాళ్ళు మరమరాలు అంటారు, ఒకటే సరుకు.

ఇంకోటి. బొరుగులకు ఉండ పాకం పనికిరాదు. అందులో మిగిలిన నీటిని బొరుగు పీల్చుకుని గంటలో మెత్తబడిపోతుంది. చిక్కీలా పటుక్కున విరిగే పాకమే పట్టాలి, గిన్నె దించాక చిటికెడు వంట సోడా వేయాలి. పాకం నురగెత్తి తేలికవుతుంది, విరిచినప్పుడు గుల్లగా ఉంటుంది. చిటికెడు అంటే చిటికెడే, ఎక్కువైతే సబ్బు రుచి. బొరుగులు కూడా ముందే మూకుడులో వేయించి, వేలితో నలిపితే కరకరమని పొడవ్వాలి. జొన్న పేలాలైతే పేలని గింజలు ఏరకపోతే పన్ను విరుగుతుంది.

పిల్లలకు తేలిగ్గా ఉండాలనుకుంటే పైన చెప్పిన ఓట్స్‌లో 20 గ్రాములు తగ్గించి ఆ బదులు ఒక కప్పు బొరుగులు, ఇంకో 20 గ్రాముల బెల్లం వేయొచ్చు. అంతకు మించి కలిపితే మర్నాటికి మెత్తబడతాయి.

---

లంచ్‌బాక్స్_బెజవాడ:

తప్పు ఎక్కడో తెలిసింది, కృతజ్ఞతలు. మూడు ప్రశ్నలు. థర్మామీటర్ లేకుండా ఉండ పాకం గుర్తు పట్టడం ఎలా? ఏ బెల్లం కొనాలి? ఒక్కోసారి పాకం గిన్నెలోనే రవ్వరవ్వగా పంచదార కట్టేస్తుంది, అది ఎందుకు?

---

పాకంపట్టు:

పక్కన గిన్నెలో చల్లటి నీళ్ళు పెట్టుకోండి. మరుగు మొదలైన రెండో నిమిషం నుంచి ప్రతి 30 సెకన్లకు ఒక చుక్క వేయాలి. కరిగి చెదిరిపోతే లేత. నీటి అడుగున నిలిచి, వేలితో దగ్గరకు తీస్తే మెత్తటి ఉండ అయి, నీళ్ళలోంచి తీయగానే చేతిలో చదునుగా పడిపోతే 113–115. తీశాక ఆకారం నిలుపుకుని, నొక్కితే నొక్కులు పడితే 118. అదే మీ స్థానం. పళ్ళేనికి కొట్టినప్పుడు టంగుమంటే మీకు దాటిపోయింది. 2 పెద్ద చెంచాల వేడి నీళ్ళు పోసి వెనక్కి తెచ్చుకోవచ్చు, చిమ్ముతుంది జాగ్రత్త. చుక్క పరీక్ష చేసే ప్రతిసారీ పొయ్యి తగ్గించండి. మీరు ఉండ చేస్తున్న 20 సెకన్లలో పాకం ఒక మెట్టు ఎక్కేస్తుంది.

బెల్లం: గట్టిగా, కొడితే పలుకులుగా విరిగేది తీసుకోండి. అనకాపల్లి బెల్లమైనా ఇంకే ఊరిదైనా ఇదే పరీక్ష. గోరు దిగేంత మెత్తగా, చెమ్మగా ఉన్నదాంట్లో గ్లూకోజ్, ఫ్రక్టోజ్ పాళ్ళు ఎక్కువ. అవి గాలిలో తేమ లాగుతాయి, ఎంత మరిగించినా బార్ జిగురుగానే ఉంటుంది. నాలుక మీద ఉప్పగా తగిలే బెల్లం కూడా వద్దు.

రవ్వ కట్టడం: గిన్నె అంచున ఎండిన బెల్లపు గింజ పాకంలో పడితే దాని చుట్టూ మిగతాది పేరుకుంటుంది. మరుగుతున్నప్పుడు గరిటెతో ఊరికే కలపకండి, తడి బ్రష్‌తో అంచులు తుడవండి. జాంగ్రీ పాకంలో వేసినట్టే నిమ్మరసం 4–5 చుక్కలు వేస్తే పేరుకోదు.

---

సీమ_బొరుగులు:

నిమ్మరసం మీ మెత్తటి బార్‌కు మంచిదే. చిక్కీకి, బొరుగులకు మాత్రం వేయకండి. అది పంచదారను విడగొట్టి పైన చెప్పిన గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లే చేస్తుంది. రవ్వ కట్టదు సరే, సాయంత్రానికి చిక్కీ చేతికి అంటుకుంటుంది.

---

తూకంరాయి:

థర్మామీటర్ కొనేవాళ్ళకు ఒక మాట. ముందు మరుగుతున్న నీళ్ళలో పెట్టి చూడండి. బెజవాడలో 100 చూపాలి. హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్ల పైన ఉంది, అక్కడ నీళ్ళు 98 దగ్గరే మరుగుతాయి, బెంగళూరులో 97. పాకం అంకెలు కూడా అంతే తగ్గుతాయి. బెజవాడలో 118 అంటే హైదరాబాద్‌లో 116 దగ్గర ఆపాలి. రెండు డిగ్రీలే కదా అనుకోకండి, బార్‌కూ బండకూ మధ్య తేడా అంతే.

---

ఓటీజీ_అడ్డా:

ఓవెన్ రకం నేను చెప్తాను. ఇందులో పాకం గొడవ లేదు. కింద పిండి పొర, మధ్యలో ఖర్జూరం, పైన అదే పిండి పొడి పొడిగా.

గోధుమ పిండి 120 గ్రాములు, రోల్డ్ ఓట్స్ 100, పొడి బెల్లం 100, ఉప్పులేని బటర్ 115, వంట సోడా పావు చెంచా, ఉప్పు పావు చెంచా, యాలకుల పొడి అర చెంచా. మధ్యలోకి గింజలు తీసిన ఖర్జూరం 200 గ్రాములు, నీళ్ళు 120 మిల్లీలీటర్లు, నిమ్మరసం 1 చెంచా. ఇది 20 సెంటీమీటర్ల చదరపు ట్రేకి. చిన్న ఓటీజీలో 18 ట్రేనే పడితే అన్నీ 5లో 4 వంతులు చేసుకోండి.

ముందు ఖర్జూరం నీళ్ళతో 5–6 నిమిషాలు ఉడికించి ముద్ద చేయండి. గరిటె గీస్తే గీత నిలవాలి. జారుడుగా ఉంటే కింద పొర ఉడక్కుండా ముద్దగా మిగులుతుంది. ఆ ముద్ద పూర్తిగా చల్లారాకే వాడాలి, వేడిది పరిస్తే కింద బటర్ కరిగి నూనె తేలుతుంది.

పొడి దినుసులు కలిపి, ఫ్రిజ్‌లోంచి తీసిన బటర్ ముక్కలు వేసి వేళ్ళ కొసలతో నలపండి. గుప్పిట పడితే ముద్దవ్వాలి, వదిలితే విడిపోవాలి. ఎండాకాలం మన వంటింట్లో ఇది మూడు నిమిషాల్లో పేస్టు అయిపోతుంది, అలా అయితే గిన్నెతో సహా 15 నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి తీయండి. బెల్లం పొడిలో ఉండలుంటే జల్లించాలి. ఉండ ఉన్నచోట కరిగి నల్ల గుంట పడుతుంది.

మూడింట రెండు వంతులు అడుగున గట్టిగా అదిమి, ఖర్జూరం ముద్ద పరిచి, మిగతాది పైన చల్లండి. పైదాన్ని అదమొద్దు. రెండు కడ్డీలూ వేసి 175 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు ముందు వేడి చేసి, మధ్య అరలో 30–35 నిమిషాలు. చిన్న ఓటీజీలో పై కడ్డీ దగ్గరగా ఉంటుంది, బెల్లం త్వరగా నల్లబడుతుంది. 18–20 నిమిషాలకు పైన రేకు కప్పండి. సగంలో ట్రేను ముందు వెనక్కి తిప్పడం మర్చిపోవద్దు, వెనక వైపు వేడి ఎక్కువ.

పాకం బార్లు గోరువెచ్చగా ఉన్నప్పుడు కోస్తే, ఇవి అందుకు పూర్తిగా ఉల్టా. 2 గంటలు చల్లారాకే ముట్టుకోవాలి, వేడి మీద కోస్తే కుప్పకూలుతుంది. వీటిని పట్టి ఉంచేది బటర్, అది మళ్ళీ గట్టిపడాలి. కాబట్టి 40 డిగ్రీల ఎండలో 3 గంటలు డబ్బాలో ఉంటే కొంచెం మెత్తబడతాయి. డబ్బాలోకి పాకంపట్టు గారివి, ఇంట్లో సాయంత్రానికి ఇవి.

---

లెస్టర్_తెలుగు:

ఇంగ్లండ్‌లో ఫ్లాప్‌జాక్ అంటే ఇలాంటి ఓట్స్ బారే. అమెరికాలో ఆ పేరుతో అడిగితే పాన్‌కేక్ పెడతారు, అక్కడివాళ్ళు తికమక పడొద్దు. పిండి లేదు, గుడ్డు లేదు: రోల్డ్ ఓట్స్ 250 గ్రాములు, బటర్ 125, బ్రౌన్ షుగర్ 125, గోల్డెన్ సిరప్ 3 పెద్ద చెంచాలు, చిటికెడు ఉప్పు. బటర్, షుగర్, సిరప్ సన్న మంట మీద కరిగేదాకా మాత్రమే కలపాలి. మరిగిస్తే గట్టిపడుతుంది. ఓట్స్ కలిపి 20 సెంటీమీటర్ల ట్రేలో అదిమి 170 డిగ్రీల్లో 22–25 నిమిషాలు. అంచులు బంగారు రంగు తిరిగి మధ్యలో ఇంకా మెత్తగా, ఉడకనట్టు కనిపిస్తుండగానే తీసేయాలి. ఓవెన్‌లోనే గట్టిగా అనిపించిందంటే చల్లారాక పన్నుకు పని చెప్పినట్టే. ట్రేలో ఉండగానే పది నిమిషాలకు గాట్లు పెట్టి, చల్లారాక విడదీయండి.

గోల్డెన్ సిరప్ పని కూడా పైన చెప్పిన నిమ్మరసం పనే, అందులో కొంత పంచదార విడిపోయి ఉంటుంది కాబట్టి రవ్వ కట్టనివ్వదు. బ్రౌన్ షుగర్ బదులు బెల్లం పొడి వేస్తే బాగుంటుంది, రంగు ముదురుతుంది.

ఇక్కడ చాలా బడుల్లోకి పల్లీలు, జీడిపప్పు, బాదం తేనివ్వరు. వాటి బదులు గుమ్మడి, పొద్దుతిరుగుడు గింజలు అదే బరువుకు. పీనట్ బటర్ బదులు వేయించిన పొద్దుతిరుగుడు గింజల ముద్ద. నువ్వుల ముద్ద వేయాలనుకుంటే మాత్రం బడిని ముందు అడగండి, నువ్వులు పడని పిల్లలూ ఉంటారు.

---

పచ్చిఖర్జూరం:

పొయ్యి ముట్టించకుండా కావాలంటే మెత్తటి ఖర్జూరం 200 గ్రాములు, వేయించిన బాదం, జీడిపప్పు, పల్లీలు కలిపి 120, నువ్వులు 20. గింజల్ని మిక్సీలో బరకగా తిప్పి పక్కన పెట్టి, ఖర్జూరం విడిగా తిప్పి, రెండూ చేత్తో పిసికి అదమడమే. రెండూ కలిపి తిప్పితే గింజలు నూనె వదిలి మిక్సీ మొరాయిస్తుంది. పెట్టెలో ఎండిపోయిన ఖర్జూరం అయితే వేడి నీళ్ళలో 10 నిమిషాలు నానబెట్టి, పిండి, గుడ్డతో తుడిచి, చెంచా నెయ్యితో మూకుడులో తడి పోయేదాకా తిప్పాలి. ఆ తడి మిగిలితే నాలుగో రోజు బూజు. నల్లటి కిమియా రకానికి నానబెట్టే పనే లేదు. ఎండు ఖర్జూరం మాత్రం దీనికి రాదు. ఫ్రిజ్‌లో 2 వారాలు, బయట 3 రోజులు.

---

లంచ్‌బాక్స్_బెజవాడ:

చాలా ఉపయోగం. చివరిగా: పాకంపట్టు గారి బార్లు బయట ఎన్ని రోజులుంటాయి? పైన చాక్లెట్ పూత వేయొచ్చా? బెల్లమే కాబట్టి ఇంట్లో షుగర్ ఉన్న పెద్దవాళ్ళు కూడా తినొచ్చా?

---

తూకంరాయి:

మూడోది ముందు. తినకూడదు, కనీసం "బెల్లం కదా" అన్న ధైర్యంతో తినకూడదు. ఒక్కో ముక్కలో 10 గ్రాముల బెల్లం ఉంది, కిస్‌మిస్ తీపి అదనం. రక్తంలో చక్కెర పెంచడంలో బెల్లానికి మినహాయింపేమీ లేదు. ముక్కకు సుమారు 195 కేలరీలు, ప్రోటీన్ 5 గ్రాముల పైచిలుకు. బెల్లం తగ్గిద్దామని 120ని 70 చేస్తే బార్ నిలవదు. తగ్గించాలంటే ముక్క చిన్నది చేయాలి, 12 బదులు 20 కోయండి.

అయిదేళ్ళలోపు పిల్లలున్న ఇంట్లో పల్లీలు, బాదం బద్దలుగా కూడా వద్దు, బరకగా పొడి చేసి వేయండి, గొంతుకు అడ్డం పడతాయి. తేనె వేసిన రకమేదైనా ఏడాది నిండని పసివాళ్ళకు పెట్టకూడదు.

---

పాకంపట్టు:

నిల్వ: ముక్క ముక్కకు బటర్ పేపర్ చుట్టి, మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలో 8–10 రోజులు. ముక్కలు ఒకదాన్ని ఒకటి తాకితే అంటుకుంటాయి. వానాకాలంలో, సముద్రం పక్క ఊళ్ళలో 5 రోజులకే జిగురు మొదలవుతుంది. డబ్బా తీసి పెట్టినప్పుడల్లా తేమ లోపలికి పోతుంది, కాబట్టి రోజువారీ వాడకానికి చిన్న డబ్బా విడిగా పెట్టుకోండి. రుచి చెడేది ముందుగా పల్లీల వల్లే. నూనె ముక్కిన వాసన వేసిందంటే ఆ డబ్బా అంతా తీసేయాల్సిందే. పాత పల్లీలు కొంటే ఆ వాసన మొదటి రోజే ఉంటుంది, వేయించే ముందు నాలుగు నమిలి చూడండి.

చాక్లెట్: బెజవాడ ఎండలో డబ్బాలోకి వద్దు. అసలు చాక్లెట్ 32–34 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది. కాంపౌండ్ చాక్లెట్ (కోకో వెన్న బదులు వేరే కొవ్వుతో చేసేది) కొంచెం ఎక్కువ తట్టుకుంటుంది గానీ 40కి అది కూడా చేతికంటుతుంది. డిసెంబరు, జనవరిలో వేసుకోవచ్చు. 100 గ్రాములు కరిగించి, బార్లు కోయకముందు అదిమిన పలక పూర్తిగా చల్లారాక పైన పూయండి. వేడి పలక మీద పూస్తే తర్వాత తెల్ల మచ్చలొస్తాయి. కానీ అప్పుడు గోరువెచ్చగా కోసే వీలుండదు కదా, అందుకని చల్లారకముందే ఓట్స్ పలక మీద సగం లోతు గాట్లు పెట్టి ఉంచండి. చాక్లెట్ గట్టిపడే ముందు అదే గాట్ల మీద వేడి నీళ్ళలో ముంచి తుడిచిన కత్తిని దించితే సరిపోతుంది.